మా విచారణలో ఒక వారము: పెద్దల సత్యోపదేశము

మన పాఠశాలలో కతోలిక కుటుంబముల బాలబాలికలును, ఇతర మతములవారి బిడ్డలును కలసి చదువుకొనుచున్నారు. పాఠశాల ప్రహరీగోడ కావలనే గుడి యుండుటచే, దినమునకు మూడు మాఱులు మ్రోగెడి గంట యందఱికిని వినబడుచునే యుండును. అయినను ఆ గంట యేల మ్రోగుచున్నదో, ఆదివారము తప్ప మిగిలిన దినములలో ఆ గుడిలో నేమి జరుగుచున్నదో యెఱిగినవారు కొలదిమంది. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్ము జూచి, "ఆదివారము పూజ గంటసేపే కదండీ, మిగిలిన ఆఱు దినములును ఫాదరుగారికి సెలవేనా?" అని యడిగెను. మేము నవ్వితిమి గాని, తరువాత నాలోచింపగా విచారణలో పుట్టి పెరిగిన పిల్లలును ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పలేరని తోచినది. కావున నీ సంచికలో విచారణ యొక్క వారమును గూర్చియు, అందు పెద్దలకు జరుగు సత్యోపదేశమును గూర్చియు వ్రాయ దలచితిమి. పిల్లల సత్యోపదేశ మందఱెఱిగినదే. పెద్దల సంగతియే మాకు ముఖ్యము. దానికి కారణము ముందు ముందు తెలియగలదు.

విచారణ యనగా గుడి కట్టడము కాదు. 1983లో ప్రకటింపబడిన శ్రీసభ ధర్మశాస్త్రము 515వ సూత్రమున దానిని స్థిరముగా నేర్పడిన యొక విశ్వాసుల సమూహముగా నిర్వచించుచున్నది. మనుష్యులు ముందు, గోడలు తరువాత. మన భాషలో దానికి స్థిరపడిన 'విచారణ' యను పేరును ఆ భావమునకు దగ్గఱగనే యున్నది; ఒకరి యోగక్షేమములను విచారించుట యని మనము వాడుక చేయుచున్నాము గదా. గుంటూరు, కృష్ణా ప్రాంతముల పల్లె విచారణలలో సాధారణముగా నొక కేంద్రగ్రామమును, దాని చుట్టు కొన్ని ఉపగ్రామములును ఉండును. విచారణ గురువు కేంద్రగ్రామమున నివసించి, ఉపగ్రామములకు వంతుల చొప్పున పోయి పూజ చేయును. గురువు లేని దినములలో జపములు చెప్పించుటకును, పిల్లలకు నేర్పుటకును, రోగుల సంగతి గురువునకు తెలుపుటకును ఉపదేశి యుండును. మన ప్రాంతమున ఉపదేశి పని తరతరములనుండి యున్నదే. అయినను రోమాపురి దానిని శ్రీసభ యందొక నియత పరిచర్యగా స్థాపించినది 2021వ సంవత్సరము మే నెల 10వ తేదీన. ఫ్రాన్సిస్ పాపుగారు ఆ దినమున వెలువరించిన లేఖను మా ఉపదేశిగారికి చదివి వినిపింపగా ఆయన, "మంచిదే, కాని సైకిలు మాత్రము పాతదే గదా!" యనిరి.

శ్రీసభ లెక్కలో వారమునకు మొదటి దినము ఆదివారము. మేము మాత్రము ఖాళీ దినములని యందఱును తలచెడి వానితోనే మొదలు పెట్టుదుము. ఉదయము ఆఱు గంటలకును, మధ్యాహ్నము పండ్రెండింటికిని, సాయంకాలము ఆఱింటికిని గంట మ్రోగును. ఇది త్రికాలజపపు గంట. దేవదూత మరియమ్మగారికి శుభవార్తను దెచ్చుటను స్మరించు చిన్న జపమది. పొలమున నున్న ముసలివారు గంట వినబడగనే పని నిలిపి, తలగుడ్డ తీసి నిలువబడుట మేము చూచియున్నాము. పడుచువారిలో నిది యరుదు.

ఉదయపు పూజకు వచ్చువారు ఇరువది ముప్పదిమందికి మించరు. కన్యస్త్రీలు, ఉపదేశి, కొందఱు ముసలమ్మలు, పరీక్షలు దగ్గఱపడినపుడు మన విద్యార్థులు. ఆ చిన్న సమూహము వినెడి పఠనములు రెండేండ్ల క్రమమున సాగును. సువార్త ప్రతి సంవత్సరము నొకటియే, దానికి ముందు చదువు పఠనము మాత్రము బేసి సంవత్సరమున నొకటి, సరి సంవత్సరమున మఱియొకటి. ప్రతిదినమును పూజకు వచ్చెడి యొక ముసలమ్మ, అక్షరము రానిదైనను, ఏలీయా ప్రవక్త కథను బడిపంతులుకన్న చక్కగా చెప్పగలదు. రెండేండ్ల కొకమాఱు వినుచు ముప్పదియేండ్లు గడిచినచో నట్లే యగును.

సాయంకాలము ఇండ్లలో జపమాల. దీనినిగూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, చదువు రాని పెద్దలకు చిరకాలముగా నున్న సత్యోపదేశ మిదియే. పూసలు లెక్కించుచు నొకే జపమును మరల మరల వల్లించుట యని చూచువారికి తోచును. కాని ప్రతి పదిపూసలకును క్రీస్తు చరిత్రలోని యొక ఘట్టమును మనస్సున నుంచుకొనవలెను. సోమ శనివారములందు సంతోష దేవరహస్యములు, మంగళ శుక్రవారములందు దుఃఖ దేవరహస్యములు, బుధ ఆదివారములందు మహిమ దేవరహస్యములు, గురువారమున వెలుగు దేవరహస్యములు. ఈ గురువారపు ఘట్టములను 2002లో రెండవ జాన్ పాల్ పాపుగారు చేర్చిరి. అంతకు పూర్వము జపమాల క్రీస్తు బాల్యమునుండి తటాలున ఆయన శ్రమలకు దాటుచుండెను. జ్ఞానస్నానము, కానా పెండ్లి, రాజ్యప్రకటనము, రూపాంతరము, దివ్యసత్ప్రసాద స్థాపనము అను నైదును ఆ నడిమి భాగమును నింపినవి. ఈ విధముగా నొక తల్లి పొయ్యి దగ్గఱ కూర్చుండియే వారమున నిరువది ఘట్టములను తలచుకొనుచున్నది. ఆ తల్లిని పరీక్షించినచో నెన్ని మార్కులు వచ్చునో చెప్పజాలము. కథ మాత్రము ఆమెకు తెలియును.

బుధవారము సాయంకాలము నిత్యసహాయమాత నవదిన జపములు. నెలలో మొదటి శుక్రవారము యేసు తిరుహృదయ భక్తి. ఆ దినమున గురువు నడువలేని రోగుల యిండ్లకు సత్ప్రసాదము గొనిపోవును. తపఃకాలపు శుక్రవారములందు సిలువమార్గము. వారమున కొకమాఱు మరియదళమువారు కూడి, గడచిన వారమున తా మెవరిని దర్శించిరో యొకరి తరువాత నొకరు నివేదింతురు. 1921లో డబ్లిన్ నగరమున నారంభమైన సంఘమిది. విన్సెంట్ డి పాల్ సభవారు పేదల యిండ్లకు పోయి బియ్యము, మందులు చూతురు. ఈ సభను 1833లో ప్యారిస్ నగరమున స్థాపించినవారు విద్యార్థులే. వారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ ఓజనామునకు నాటికి సరిగా ఇరువదియేండ్లు. మన పై తరగతుల బాలురు దీనిని గమనింతురు గాక.

ఇవి గాక విచారణ కార్యాలయమను చిన్నగది యున్నది. అందు బీరువా నిండ పుస్తకములు: జ్ఞానస్నానములది, వివాహములది, మరణములది. ధర్మశాస్త్రము 535వ సూత్రము వీనిని ప్రతి విచారణలోను ఉంచవలెనని విధించినది. ఒక మనుష్యుని పేరు జ్ఞానస్నాన పుస్తకమున నెక్కినపిమ్మట, ఆతని వివాహము ప్రపంచమున నెక్కడ జరిగినను ఆ వార్త తిరిగి యీ పుస్తకమునకే రావలెను. హైదరాబాదులోనో, గల్ఫు దేశములలోనో పనిచేయుచున్న మా విచారణ యువకులు పత్రము కావలెనని ఫోను చేయునపుడు, ఈ గదిలోని పాత పుటలే తెఱవబడును. పెద్దలకు జరుగు రెండు ముఖ్యోపదేశములకు ద్వారము గూడ నీ గదియే. బిడ్డకు జ్ఞానస్నానము కోరి వచ్చు తల్లిదండ్రులను, జ్ఞానతల్లిదండ్రులను గురువు కూర్చుండబెట్టి మాటలాడును. పెండ్లి నిశ్చయించుకొన్నవారికి ముందుగా తర్ఫీదు జరుగును. జ్ఞానతండ్రిగా నుండువానికి సాధారణముగా పదునాఱేండ్లు నిండియుండవలెననియు, ఆతడు భద్రమైన అభ్యంగనము పొందినవాడై విశ్వాసమునకు తగినట్లు నడుచుకొనువాడై యుండవలెననియు నియమము. ఈ నియమమును విని, మేనమామకు బదులు వేఱొకరిని వెదకుకొనవలసి వచ్చినందున కోపించి వెడలిపోయినవారును కలరు. మరల వచ్చినవారును కలరు.

ఇక ఆదివారము. దివ్యబలిపూజలో మూడు పఠనములు చదువబడును: సామాన్యముగా మొదటిది పాత నిబంధననుండి, రెండవది అపోస్తలుల లేఖలనుండి, మూడవది సువార్తనుండి. ఇవి మూడేండ్ల క్రమమున తిరుగుచుండును. మొదటి యేట మత్తయి, రెండవ యేట మార్కు, మూడవ యేట లూకా; యోహాను సువార్త ముఖ్యముగా పాస్కాకాలమునకును, తపఃకాలములోని కొన్ని ఆదివారములకును కేటాయింపబడినది. ఏ సంవత్సర మేది యని తెలిసికొనుటకు గణితము వచ్చిన పిల్లలకు సులభమైన యుపాయ మున్నది. సంవత్సరపు సంఖ్య 3చే శేషము లేకుండ భాగింపబడినచో నది లూకా సంవత్సరము. 2025 అట్టిది. శేషము 1 అయినచో మత్తయి, 2 అయినచో మార్కు. కావున 2026 మత్తయిది, 2027 మార్కుది. కాని శ్రీసభ సంవత్సరము జనవరిలో గాక అంతకు ముందటి ఆగమనకాలముననే మొదలగునని మఱవరాదు.

ఈ క్రమము 1969 చివరనుండి యమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము పూజ లాటిన్ భాషలో జరుగుచుండెను. ఆదివారపు పఠనములు ప్రతి యేడును నవియే. వానిలో పాత నిబంధన భాగములు బహు స్వల్పము. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికన్ మహాసభ దైవార్చనను గూర్చిన శాసనమును వెలువరించి, దేశభాషలకు ద్వారము తెఱచినది. నాటి పెద్దలు కొందఱు ఇప్పటికిని పూజ జరుగుచుండగా జపమాల చెప్పుకొనుచుందురు. పడుచువారు వారిని చూచి నవ్వుదురు. తెలియని భాషలో జరుగుచున్న పూజలో ఆ జపమాలయే వారికి పట్టుకొమ్మగా నుండెనని యెఱిగినచో నవ్వరు.

కంఠస్థము చేయుటనుగూర్చియు ఇట్లే చెప్పవలెను. పరలోకజపము, మంగళవార్తజపము, విశ్వాస సంగ్రహము, పది ఆజ్ఞలు, దేవద్రవ్యానుమానములని పూర్వులు పిలిచిన ఏడు సంస్కారములు: ఇవన్నియు వల్లించుటయే పూర్వము సత్యోపదేశము. నేటివారు దానిని చిలుకపలుకులని తేలిక చేయుదురు. మేమట్లు తలపము. పదునెనిమిదవ శతాబ్దమున కర్ణాటక మిషనులోని యేసుసభ గురువులు తెలుగుదేశమున క్రైస్తవ సమూహముల నేర్పఱచిరి. ఆ కాలముననే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అను కావ్యమున క్రీస్తు చరిత్రను తెలుగు పద్యములలో రచించెను. 1773లో పాపుగారి యాజ్ఞచే యేసుసభయే రద్దయినది. పిమ్మట చాలకాలము గురువుల సంఖ్య మిక్కిలి స్వల్పమై, పల్లెలు గురువు ముఖము చూడక యేండ్లు గడపవలసి వచ్చెను. అపుడు విశ్వాసమును నిలిపినవి పుస్తకములు కావు. నోటికి వచ్చిన జపములును, వానిని బిడ్డలకు నేర్పిన తల్లులును, ఉపదేశులునే. కంఠస్థము ధాన్యపు పాతఱ వంటిది. కఱవు కాలమున నదియే ప్రాణము నిలుపును. అయితే పాతఱలోని ధాన్యమును దంచి వండుకొనవలసిన దినమును వచ్చును. ఆ దినము మా విచారణకు రెండేండ్ల క్రిందట వచ్చినది.

ఆ సంవత్సరము వేసవి సెలవుల తరువాత, మేము సత్యోపదేశపు తరగతిలోని పిల్లలకు ఇంటిపని యొకటి ఇచ్చితిమి. క్రీస్తు మరణించినపిమ్మట మృతుల లోకమునకు దిగెనని విశ్వాస సంగ్రహమున నున్నది గదా, అది యెందులకో మీ తల్లిదండ్రుల నడిగి తెలిసికొని రండని చెప్పితిమి. మరుసటి ఆదివారము వ్రాసికొని వచ్చినవా డొక్కడును లేడు. "మా నాన్న తిట్టెనండీ" యని యొకడు, "మీ పంతులునే అడుగుమనెనండీ" యని మఱియొకడు. పూజ వేళకు మించి గుడి ముందు వేపచెట్టు క్రింద పిల్లలకై కనిపెట్టుకొని కూర్చుండు తండ్రులు ఆ యుదయము మా ముఖము చూడక తప్పుకొని పోయిరి. వారిని సిగ్గుపఱచుట మా యుద్దేశము కాకపోయినను జరిగినది మాత్రమదియే. ఇది మా పొరపాటు.

ఆ వారముననే, తాపీపని చేయు నొక తండ్రి, పని ముగించుకొని సున్నపు చేతులతోనే మా యింటికి వచ్చెను. "మాస్టరుగారూ, పిల్లవాడు అడిగినదానికి నాకు జవాబు తెలియదు. తెలియదని వానితో చెప్పినాను. అయితే నాకొక సందేహమున్నది. మా నాయన కాలమున మేము జ్ఞానస్నానము పొందినాము. మా తాత పొందకయే పోయినాడు. మంచివాడు, ఒకరి సొమ్ము ఆశించినవాడు కాడు. ఆయన సంగతి యేమిటండీ? యేసుస్వామి దిగిన ఆ చోటున మా తాతవంటివారును ఉన్నారా?" అని యడిగెను.

మేము బట్టతో మార్కులు తుడిచివేసిన పలకవలె నిలిచిపోతిమి. రెండు పట్టములు గలవారము. ఇరువదియేండ్లుగా పిల్లలకు సత్యోపదేశము చెప్పుచున్నవారము. అయినను మేమును సత్యోపదేశమును పండ్రెండేండ్ల ప్రాయమున ముగించినవారమే యని యా క్షణమున తెలిసివచ్చినది. "అది పెద్ద ప్రశ్న, ఫాదరుగారి నడుగుదము" అని యప్పటికి తప్పించుకొంటిమి.

గురువు తప్పించుకొనలేదు. ఆయన ఆతనిని కుర్చీలో కూర్చుండబెట్టి, రెండు విషయములు చెప్పిరి. మొదటిది: క్రీస్తుకు ముందు మరణించి రక్షణకై యెదురు చూచుచున్న నీతిమంతుల యొద్దకు ఆయన దిగి, వారిని విడిపించెననియే యా వాక్యమున కర్థము, పాస్కాకు ముందటి పవిత్ర శనివారమున శ్రీసభ స్మరించునదియు నదియే. రెండవది: 1964 నవంబరు 21వ తేదీన రెండవ వాటికన్ మహాసభ శ్రీసభను గూర్చి ప్రకటించిన శాసనము 16వ ప్రకరణమున, తమ దోషము లేకయే సువార్త నెఱుగనివారు నిష్కపటముగా దేవుని వెదకుచు, అంతరాత్మ చెప్పినట్లు ఆయన చిత్తమును నెఱవేర్ప యత్నించినచో వారును నిత్యరక్షణము పొందగలరని బోధించుచున్నది. "మేస్త్రీగారూ, మీ తాతగారి తీర్పు నా చేతిలో లేదు, మీ చేతిలోను లేదు. ఆయనకై జపము చేయుట మాత్రము మన చేతిలో నున్నది" అనిరి. ఆతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఈ మాట మా నాయన బ్రతికియున్నపుడు ఎవరైనను చెప్పియుండిన బాగుండెడిది" యనెను. ఆ తండ్రి నలువదియేండ్లు ఈ సందేహమును లోపలనే మోసికొని, యెవరి నడిగిన నేమందురోయని యడుగక, కన్నుమూసెనట. నవంబరు 2వ తేదీ మృతుల స్మరణ దినమునకై పేర్లు వ్రాసి యిచ్చునపుడు మేస్త్రీ తన చీటిలో తాతపేరును చేర్చి యిచ్చెను. గురువు మిగిలినవానితోపాటు దానిని చదివిరి.

పెద్దల సత్యోపదేశపు తరగతి ఆ ప్రశ్నతో మొదలైనది. ఇది క్రొత్త సంగతి కాదు. 1905 ఏప్రిలు 15వ తేదీన పదియవ పయస్ పాపుగారు వ్రాసిన లేఖలోనే, ఆదివారములందు పిల్లలకే గాక పెద్దలకును వేఱుగా, తేలిక మాటలలో నుపదేశము జరుగవలెననియు, నాలుగైదేండ్లలో విశ్వాస సంగ్రహము, సంస్కారములు, ఆజ్ఞలు, పరలోకజపము, శ్రీసభ కట్టడలు అన్నియు ముగియవలెననియు గురువులకు విధించియున్నారు. 1971లో రోమాపురి వెలువరించిన సత్యోపదేశ నిర్దేశికయు పెద్దల యుపదేశమునే యన్నిటిలో ప్రధానమైనదిగా పేర్కొన్నది. ఇన్ని విధులుండియు పల్లెలలో సత్యోపదేశమనగా పిల్లలదే యని స్థిరపడిపోయినది. పిల్లలు పిలిచినచో వత్తురు, కూర్చుండుమనిన కూర్చుందురు. పెద్దలట్లు కాదు గనుక, సులభమైన వైపే అందఱును పోయితిమని మా యభిప్రాయము.

తరగతిని మేము మొదట చెడగొట్టితిమి. 1992లో ప్రకటింపబడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథమున 2865 ప్రకరణములున్నవి. దానిని ముందు పెట్టుకొని మొదటి ప్రకరణమునుండి క్రమముగా చెప్ప నారంభించితిమి. మొదటి గురువారము గది నిండెను. అయిదవ గురువారమునకు తొమ్మండుగురు మిగిలిరి. అందు నిద్రించువా రిద్దఱు. దినమంతయు ఎండలో పని చేసి వచ్చినవారికి మేము చేసినది ఉపన్యాసము.

అప్పుడు గురువు మాకు పునీత అగుస్తీను క్రీ.శ. 400 ప్రాంతమున రచించిన చిన్న గ్రంథమును గూర్చి చెప్పిరి. కార్తేజి నగరమున క్రొత్తవారికి ఉపదేశించు దెయోగ్రాసియాస్ అను నొక డీకను, తన మాటలు తనకే విసుగు పుట్టించుచున్నవని మొఱపెట్టుకొనగా, ఆతనికి జవాబుగా వ్రాసినది. అగుస్తీను తానును పెద్దవాడై, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, 387వ సంవత్సరపు పాస్కా జాగరణమున మిలాను నగరములో జ్ఞానస్నానము పొందినవాడు. పెద్దల సందేహము లెట్టివో యెఱుగును. ఆయన చెప్పిన వానిలో నొకటి మాకు మిక్కిలి నచ్చినది. ఆ దేశమున శ్రోతలు నిలుచుండి వినుట యాచారము. వినువాడు ఆవులించుచున్నచో నది ఆతని తప్పని తలపక, కాళ్లు నొచ్చుచున్నవేమోనని తలచి కుర్చీ వేయుమనియు, సముద్రమున కావలి సంఘములు కొన్నింట శ్రోతలు కూర్చుండియే విందురనియు, అదియే మేలనియు ఆయన వ్రాసెను. పదాఱు వందల యేండ్ల క్రిందటి యీ సలహా ప్రకారము మేమును బల్లలు తీసివేసి, చాపలు పఱచి, తరగతికి ముందు తేనీ రిచ్చుట మొదలిడితిమి. తరువాత గ్రంథమును మూసి, "ఈ వారము మిమ్ము మీ పిల్లలేమి యడిగిరి?" అని మేమే యడుగ నారంభించితిమి. గది మరల నిండినది.

ప్రశ్నలు మే మెదురు చూచినవి కావు. పాపసంకీర్తనములో చెప్పినది గురువు బయట చెప్పునా? (చెప్పడు, చెప్పుట ఆయనకు ఘోర నేరము.) పెద్ద కూతురు ఇతర మతస్థుని పెండ్లాడినది, ఆమె గుడిలోనికి రావచ్చునా? (రావచ్చును, మిగిలిన విషయములు గురువుతో కూర్చుండి మాటలాడవలెను.) దేవుడు వాన నాపినాడా, మనుష్యులు చెఱువు నాక్రమించి యాపినారా? ఈ మూడవదానికి రెండు గురువారములు పట్టినవి. జవాబు దొరకిన వెంటనే సత్యోపదేశ గ్రంథమున నది యెచ్చట నున్నదో చూపుచున్నాము. ఆ విధముగా పుస్తకము వెనుక ద్వారమునుండి లోనికి వచ్చినది.

తరగతికి రాలేనివారికై వాడలలో నెలకు రెండుమాఱులు ఇంటికూటములు జరుగును. వీనిలో అనుసరించునది దక్షిణాఫ్రికాలోని లుంకో సంస్థలో రూపొందిన ఏడుమెట్ల పద్ధతి. ముందు ప్రభువును ఆహ్వానింతురు, సువార్త భాగమును చదువుదురు, మనస్సునకు తగిలిన మాటను ఒక్కొక్కరు పైకి పలుకుదురు, కొంతసేపు మౌనము, పిమ్మట తమకు తోచినది పంచుకొందురు, వాడలో చేయవలసిన పని యేదియో నిర్ణయింతురు, తుదకు జపము. ఒక్కరు చదువగలిగినచో చాలును. మూడవ మెట్టున అక్షరము రానివారును విన్న మాటను పలుకుదురు గనుక, ఉపన్యాసములో నోరు మెదపని స్త్రీలు ఇందు మాటలాడుదురు. ఆఱవ మెట్టున గొడవలును కలుగును. ఒక కూటములో వీధిదీపము సంగతి వచ్చి అరగంట వాగ్వాదము జరిగినది. వారము తిరుగకమునుపే దీపము వెలిగినది.

క్రొత్తగా జ్ఞానస్నానము కోరు పెద్దల మార్గము వేఱు. ప్రాచీన శ్రీసభలో దీర్ఘకాలపు శిక్షణమున్నట్లు మూడవ శతాబ్దమునాటిదని చెప్పబడు నొక గ్రంథమున మూడేండ్లు పేర్కొనబడియున్నది. కాలక్రమమున లుప్తమైన యా పద్ధతిని పునరుద్ధరింపుడని రెండవ వాటికన్ మహాసభ కోరగా, 1972లో పెద్దల ప్రవేశ సంస్కారముల క్రమము వెలువడెను. ముందు విచారించు కాలము. తరువాత జ్ఞానార్థిగా స్వీకరింపబడి నేర్చుకొను కాలము. తపఃకాలారంభమున పేరు నమోదై శుద్ధి పొందు కాలము. పాస్కా జాగరణమున జ్ఞానస్నానము, అభ్యంగనము, సత్ప్రసాదము. ఆపై పాస్కాకాలమంతయు తాము పొందినదానిని గ్రహించు కాలము. తపఃకాలపు మూడు, నాలుగు, అయిదవ ఆదివారములందు వారి కొఱకు ప్రత్యేక పరిశోధన ప్రార్థనలు జరుగును. ఆ దినములలో చదువు సువార్తలు బావియొద్ద సమరియ స్త్రీ, పుట్టుగ్రుడ్డి, మరణించి లేచిన లాజరు.

ఇదంతయు రోమాపురి పంచాంగమునకు చక్కగా సరిపోవును. మా ప్రాంతమునకు వచ్చుసరికి మిరపకోతలు అడ్డువచ్చును. గుంటూరు సీమలో జనవరి మొదలు ఏప్రిలు వఱకు కోతలు, కల్లములు. 2026లో విభూది బుధవారము ఫిబ్రవరి 18న, పాస్కా ఏప్రిలు 5న వచ్చినవి. ఆ నలువది దినములును కూలి దొరకెడి దినములే. తెల్లవాఱక ముందే ఆటోలలో పోయి, చీకటి పడినపిమ్మట తిరిగివచ్చు స్త్రీని సాయంకాలము ఆఱింటి తరగతికి రాలేదని తప్పు పట్టుట యెట్లు? ఒక దినము మానినచో నా దినపు కూలి పోవును. కొన్ని యెడల ముఠాలో చోటే పోవును. అట్లని తపఃకాలమును జరుపుటకును వీలులేదు.

అందుచేత కోతల కాలమున తరగతిని రాత్రి ఎనిమిదిన్నరకు మార్చితిమి. అప్పటికిని రాలేనివారు కొందఱుండగా, కావలికై కల్లముల యొద్దనే పండుకొనువారి దగ్గఱకు ఉపదేశిగారు తన పాత సైకిలుపై పోవుచున్నారు. జ్ఞానార్థులలో నొకామె మూడవ ఆదివారపు ప్రార్థనకు వచ్చినపుడు, నొసట సిలువ గుర్తు వేసికొనిన చేయి కంటికి తగిలి, మిరప ఘాటుచే కన్నీరు ధారగా కారినది. ప్రక్కనున్నవారు భక్తియని తలచిరి. ఆమె తరువాత మాతో నవ్వుచు, "కాదండీ, కాయ ఘాటు" అని చెప్పెను. ఆమెకు జ్ఞానతల్లిగా నిలిచినది మేస్త్రీగారి భార్య.

తరగతి గురువారములందు పాఠశాల తూర్పువైపు గదిలో జరుగును. కోతలు లేని నెలలలో సాయంకాలము ఏడింటికి. చదువు రానవసరము లేదు, పుస్తకము తేనవసరము లేదు. పిల్లలను తీసికొని రావచ్చును. వారికి ప్రక్కగదిలో కన్యస్త్రీలు ఇంటిపాఠములు చెప్పుదురు.